టీపీఎంటీ నార్మల్ అన్నారు, మరి తెల్లకణాలు ఎందుకు పడిపోయాయి?

పేగుల వాపు వ్యాధికి అజాథయోప్రిన్ మాత్ర మొదలుపెట్టి రెండు వారాలు దాటుతుంది. ఒకరోజు పొద్దున లేచేసరికి దిండు మీద వెంట్రుకలు కుప్పగా కనిపిస్తాయి. తల దువ్వుకుంటే దువ్వెన నిండిపోతుంది. ఇంట్లోవాళ్లు బోరు నీళ్లు పడలేదంటారు, కాదంటే మందు వేడి చేసిందంటారు. కొబ్బరినూనెలో మెంతులు కాచి రాస్తారు. ఇంకో వారానికి గొంతునొప్పి, నోట్లో పుళ్లు, వణికించే చలిజ్వరం. అప్పుడు చేయించిన సీబీపీ అనే రక్తకణాల పరీక్షలో 4,000 నుంచి 11,000 మధ్య ఉండాల్సిన తెల్లకణాల లెక్క 900 దగ్గర తేలుతుంది.

పేగుల వాపు వ్యాధికి మందులు రాసే గ్యాస్ట్రోఎంటరాలజిస్టులకు ఈ వరస కొత్త కాదు. చాలాకాలం వాళ్లకు అంతుపట్టనిది వేరే ఉంది. మాత్ర ఇచ్చేముందు టీపీఎంటీ అనే పరీక్ష చేయించి, రిపోర్టులో నార్మల్ అని వచ్చినవారికి కూడా ఇలాగే జరిగేది. అందులో ల్యాబ్ తప్పు ఏమీ లేదు. ఆ పరీక్ష చూసే జన్యువు యూరప్ జనాభాలో ముఖ్యమైనది. మన దగ్గర ముఖ్యమైన జన్యువు మరొకటని 2014 దాకా ఎవరికీ తెలియదు.

పేగుల వాపు వ్యాధి అంటే ప్రధానంగా రెండు జబ్బులు: క్రోన్స్, అల్సరేటివ్ కొలైటిస్. రెండింటిలోనూ రోగనిరోధక వ్యవస్థ పేగు గోడ మీదే దాడికి దిగుతుంది. నెత్తురు, జిగురుతో విరేచనాలు, కడుపునొప్పి, బరువు తగ్గడం వస్తాయి. కొన్నాళ్లు నెమ్మదిస్తుంది, మళ్లీ తిరగబెడుతుంది. తిరగబెట్టినప్పుడు స్టెరాయిడ్లు ఇస్తే పది రోజుల్లో మనిషి లేచి తిరుగుతాడు. కానీ స్టెరాయిడ్ల మీద ఏళ్ల తరబడి బతకడం కుదరదు. ముఖం ఉబ్బుతుంది, షుగర్ వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. ఆ స్టెరాయిడ్ మాన్పించి, జబ్బును అణిచి ఉంచడానికి వాడే పాత, చవక మందు అజాథయోప్రిన్.

దీని పుట్టుక కేన్సర్ పరిశోధనలో ఉంది. అమెరికాలోని బరోస్ వెల్‌కమ్ కంపెనీలో గెర్ట్రూడ్ ఎలియాన్, జార్జ్ హిచింగ్స్ కలిసి 1950ల తొలి ఏళ్లలో 6-మెర్‌కాప్టోప్యూరిన్ తయారుచేశారు. 1953లో పిల్లల బ్లడ్ కేన్సర్‌కు అనుమతి వచ్చింది. దానికే చిన్న తోక తగిలించి ఒంట్లో నెమ్మదిగా విడుదలయ్యేలా చేసిన రూపం అజాథయోప్రిన్. మొదట కిడ్నీ మార్పిడిలో వాడారు, తర్వాత కీళ్లవాతం, చర్మవ్యాధులు, పేగుల దాకా వచ్చింది. ఎలియాన్, హిచింగ్స్‌లకు 1988లో నోబెల్ వచ్చింది.

ఈ మందు ఒంట్లో ఏమవుతుందో తెలిస్తే మిగతా కథంతా సులువు. చెరువును ఊహించుకోండి. మింగిన అజాథయోప్రిన్ 6-మెర్‌కాప్టోప్యూరిన్‌గా మారి చెరువులో చేరిన నీరు. ఆ నీటికి మూడు దారులు. ఒకటి తూము: దాన్ని దాటిన నీరు పంటకాలువలో పడి, కొన్ని మార్పుల తర్వాత థయోగ్వానిన్ న్యూక్లియోటైడ్లు అనే పదార్థమై పొలానికి చేరుతుంది. మందు పనిచేసేది ఈ రూపంలోనే. మిగతా రెండూ అలుగులు. ఎక్కువైన నీటిని పొలానికి వెళ్లనీయకుండా బయటికి పొర్లించేవి. ఒక అలుగు పేరు జాంథిన్ ఆక్సిడేజ్, రెండోది టీపీఎంటీ. ఇవి ఎంజైములు.

పొలానికి తగినంత నీరు అందితే రోగనిరోధక కణాల ఉద్ధృతి తగ్గుతుంది, పేగు మానుతుంది. ఎక్కువైతే పొలం మునుగుతుంది. మొదట మునిగేది ఎముకల్లోని మూలుగ. తెల్లకణాలు పుట్టేది అక్కడే, అక్కడి కణాలు రాత్రింబగళ్లు విభజన చెందుతూనే ఉంటాయి. విభజన చెందే కణం కొత్త డీఎన్‌ఏ రాసుకుంటున్నప్పుడు గ్వానిన్ అనే అక్షరం స్థానంలో థయోగ్వానిన్ దూరుతుంది. అలా తప్పుడు అక్షరాలు పేరుకుపోయాక కణం చచ్చిపోతుంది. వెంట్రుక కుదుళ్లలోని కణాలు కూడా వేగంగా విభజన చెందేవే. దిండు మీద వెంట్రుకలకు కారణం అదే. బోరు నీళ్లకు దీంతో సంబంధం లేదు.

రెండో అలుగు అందరిలో ఒకేలా ఉండదని 1980లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రిచర్డ్ వైన్‌షిల్‌బౌమ్ బృందం చూపించింది. సుమారు మూడు వందల మంది ఎర్రకణాల్లో టీపీఎంటీ పనిచేసే తీరు కొలిస్తే జనం మూడు గుంపులుగా విడిపోయారు. దాదాపు 89 శాతం మందిలో బాగా పనిచేస్తోంది. 11 శాతం మందిలో సగం సగం. మూడు వందల్లో ఒకరిలో అసలు లేదు. ఆ ఒక్కరికి మామూలు మోతాదు ఇస్తే అలుగు లేని చెరువు నిండినట్టే. ఈ పరిశోధన తర్వాత పాశ్చాత్య దేశాల్లో అజాథయోప్రిన్ రాసేముందు టీపీఎంటీ చూడటం క్రమంగా అలవాటైంది. జన్యువును బట్టి మందు మోతాదు నిర్ణయించే ఫార్మాకోజెనెటిక్స్ పాఠాల్లో దీన్ని ఇప్పటికీ మొదటి ఉదాహరణగా చెబుతారు.

నిజానికి యూరప్‌లో కూడా ఈ పరీక్ష కథ పూర్తిగా చెప్పలేదు. ఫ్రాన్స్ పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనంలో, ఈ మందుల వల్ల మూలుగ దెబ్బతిన్న 41 మంది క్రోన్స్ రోగుల్ని పరిశీలిస్తే టీపీఎంటీ జన్యువులో మార్పు ఉన్నది 27 శాతం మందిలోనే. నలుగురిలో ముగ్గురికి కారణం మరేదో అన్నమాట.

ఆసియాలో చిక్కు ఇంకా ముదిరింది. కొరియా, జపాన్, చైనా జనాభాలో టీపీఎంటీ మార్పులు యూరప్‌లో కంటే చాలా తక్కువ. ఆ లెక్కన అక్కడి రోగులు ఈ మందును ఇంకా బాగా తట్టుకోవాలి. కానీ పాశ్చాత్య పుస్తకాల్లో కిలో బరువుకు 2 నుంచి 2.5 మిల్లీగ్రాములు అని ఉంటే, తూర్పున అందులో సగానికే తెల్లకణాలు పడిపోయేవి. డాక్టర్లు అనుభవంతో మోతాదు తగ్గించుకున్నారు. మన దేశంలోనూ 50 మిల్లీగ్రాముల మాత్ర ఒకటితో మొదలుపెట్టి భయం భయంగా పెంచడం ఆనవాయితీ. 'మనవాళ్ల శరీరం తట్టుకోదు' అనే మాట ఆస్పత్రి కారిడార్లలో వినిపించేది. ఏది తట్టుకోదో, ఎందుకు తట్టుకోదో మాత్రం ఎవరూ చెప్పగలిగేవారు కాదు.

జవాబు సియోల్‌లోని అసాన్ మెడికల్ సెంటర్ నుంచి వచ్చింది. అక్కడి సుక్-క్యున్ యాంగ్ బృందం ఈ మందు వాడిన క్రోన్స్ రోగుల్లో తెల్లకణాలు త్వరగా పడిపోయినవారి జన్యువుల్ని, పడిపోనివారి జన్యువుల్ని పక్కపక్కన పెట్టి పోల్చింది. 2014లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వచ్చిన ఆ ఫలితంలో తేలిన పేరు ఎన్‌యూడీటీ15. అప్పటిదాకా ఈ మందుతో దానికి సంబంధం ఉందని అనుకున్నవారు లేరు. మందు మొదలుపెట్టిన తొలి వారాల్లోనే తెల్లకణాలు పడిపోయిన కొరియన్లను వంద మందిని తీసుకుంటే, ఈ ఒక్క మార్పును చూసి 89 మందిని ముందే పట్టుకోవచ్చు. అదే పనికి టీపీఎంటీ మార్పుల్ని నమ్ముకుంటే పట్టుబడేది 12 మంది. టీపీఎంటీ నార్మల్ రిపోర్టు ఆసియా రోగికి ఎంత డొల్ల ధైర్యమో ఈ రెండు అంకెలు పక్కపక్కన చూస్తే తెలుస్తుంది.

ఎన్‌యూడీటీ15 ఏం చేస్తుందో 2016లో అమెరికాలోని మెంఫిస్ నగరంలో ఉన్న సెయింట్ జూడ్ పిల్లల ఆస్పత్రి పరిశోధకులు వివరించారు. చెరువు పోలికలోనే చెప్పాలంటే ఇది అలుగు కాదు. పొలం దగ్గరే ఉండి, మడిలో నీరు ఎక్కువైతే గట్టు తెంపి వెనక్కి వదిలే నీరటి. థయోగ్వానిన్ డీఎన్‌ఏలోకి దూరడానికి సిద్ధంగా మూడు ఫాస్ఫేట్లు తగిలించుకుని నిలబడితే, ఈ ఎంజైమ్ రెండు ఫాస్ఫేట్లు తీసేసి దాన్ని దూరలేని రూపంలోకి మారుస్తుంది. నీరటి నిద్రపోతే తూము దగ్గర ప్రవాహం మామూలుగానే ఉంటుంది, అలుగు కూడా సరిగానే పొర్లుతుంటుంది, పొలం మాత్రం మునిగిపోతుంది.

ఈ పోలికను ఇంత సాగదీయడానికి కారణం ఉంది. మందు ఎంత చేరిందో చూడటానికి ఎర్రకణాల్లో థయోగ్వానిన్ న్యూక్లియోటైడ్ల స్థాయి కొలిచే పరీక్ష ఒకటుంది. 235 నుంచి 450 మధ్య ఉంటే సరిపోయినట్టు లెక్క. ఎన్‌యూడీటీ15 లోపం ఉన్నవారిలో తెల్లకణాలు కూలిపోతున్నప్పుడు కూడా ఈ అంకె పెరగకపోవచ్చు. కొలత తూము దగ్గర తీసుకుంటున్నాం, వరద పొలంలో ఉంది. స్థాయి బాగానే ఉంది కదా అని మందు కొనసాగిస్తే ప్రమాదం.

ఇక రిపోర్టు చదవడం. మన ల్యాబులు ఇచ్చే కాగితంలో తరచుగా 'ఎన్‌యూడీటీ15 సీ415టీ' అని ఉంటుంది. ఈ జన్యువు ప్రోటీన్‌కు రాసే సూచనలో 415వ అక్షరం సీ ఉండాల్సిన చోట టీ ఉందా అని చూశారని అర్థం. జన్యు భాషలో మూడేసి అక్షరాలకు ఒక అమైనో ఆమ్లం. 138 మూళ్లు 414. కాబట్టి 415వ అక్షరం 139వ అమైనో ఆమ్లానికి మొదటి అక్షరం. అది మారితే ఆర్జినిన్ రావాల్సిన చోట సిస్టీన్ వస్తుంది. కొన్ని రిపోర్టుల్లో 'ఆర్139సీ' అని కనిపించేది కూడా ఇదే మార్పు. ఆ ఒక్క తేడాతో ఎంజైమ్ నిలకడ లేకుండా పోతుంది. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి గనుక ఫలితం మూడు రకాలు: సీసీ అంటే రెండూ మామూలువి, సీటీ అంటే ఒకటి మారింది, టీటీ అంటే రెండూ మారాయి.

ఈ మార్పు తూర్పు ఆసియాలో నూరు ప్రతుల్లో పదింటిలో ఉంటుంది. దక్షిణ ఆసియాలో దాదాపు ఏడింటిలో. యూరప్ మూలాలున్నవారిలో ఒకటి కూడా ఉండదు. మనకు సంబంధించిన ఆ ఏడును మనుషుల లెక్కలోకి మారిస్తే, నూటికి పదమూడు మంది సీటీ, రెండు వందల మందిలో ఒకరు టీటీ. అంటే పేగుల వాపు వ్యాధి క్లినిక్ బయట కుర్చీల్లో కూర్చున్న ప్రతి ఏడెనిమిది మందిలో ఒకరు. అరుదైన విషయం కాదిది.

మన దేశపు రోగుల్లోనే దీన్ని తేల్చిన పెద్ద అధ్యయనం హైదరాబాద్‌లో జరిగింది. ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీలో రూపా బెనర్జీ బృందం 1,014 మంది రోగుల్ని కొంతకాలం పాటు గమనిస్తూ టీపీఎంటీనీ, ఎన్‌యూడీటీ15నూ పోల్చి 2020లో ప్రచురించింది. అజాథయోప్రిన్ వల్ల తెల్లకణాలు తగ్గుతాయో లేదో చెప్పడంలో ఎన్‌యూడీటీ15దే పైచేయి అని తేలింది. అంతకుముందు 2017లో ముంబై హిందూజా ఆస్పత్రి పరిశోధకులు కూడా అదే దిశలో ఫలితాలు చూపారు. కొరియా లెక్క మనకు వర్తిస్తుందా అన్న అనుమానానికి ఇక తావు లేదు.

ఫలితం వచ్చాక ఏం చేయాలనేది అందరూ ఎక్కువగా అడిగే ప్రశ్న. జన్యు ఫలితాల్ని బట్టి మందుల మోతాదు సూచించే అంతర్జాతీయ సంస్థ సీపీఐసీ తన మార్గదర్శకాల్లో ఎన్‌యూడీటీ15ను 2018లో చేర్చింది. టీటీ వచ్చి, జబ్బు కేన్సర్ కాకపోతే, ఈ మందు జోలికే వెళ్లకుండా వేరే మందు చూడమంటుంది. సీటీ వస్తే మామూలు మోతాదులో 30 నుంచి 80 శాతంతో మొదలుపెట్టమంటుంది. ఇక్కడ కాస్త ఆగాలి. మామూలు మోతాదు అని వాళ్లనేది కిలోకు 2 నుంచి 3 మిల్లీగ్రాములు. అరవై కిలోల మనిషికి రోజుకు కనీసం 120. మన దగ్గర ఒక మాత్రతో, అంటే 50తో మొదలుపెట్టేవాళ్లు ఇప్పటికే తగ్గించిన మోతాదులోనే ఉన్నారు. సీటీ అని రాగానే ఉన్న సగాన్ని మళ్లీ సగం చేస్తే మందు పనిచేయని స్థాయికి పడిపోతుంది.

దీనికి రెండో వైపు గురించి అంతగా చర్చ జరగడం లేదు. నూటికి పదమూడు మందికి వచ్చే ప్రమాదానికి భయపడి, మిగతా ఎనభై ఆరు మందికి కూడా సగం మోతాదే రాస్తూ వచ్చారు. వాళ్లలో కొందరికి జబ్బు తిరగబెడితే 'అజాథయోప్రిన్ పనిచేయలేదు' అని ఫైల్లో రాసి ఖరీదైన ఇంజెక్షన్లకు మార్చారు. మందు పనిచేయలేదా, సరిపడా ఇవ్వలేదా? సీసీ అని రిపోర్టు చేతిలో ఉంటే, మోతాదు ధైర్యంగా పెంచి చూడొచ్చు. ఈ పరీక్షను ప్రమాదం తప్పించే పరీక్షగానే చూస్తున్నారు గానీ, దాని అసలు లాభం ఎక్కువమందికి ఇక్కడే ఉంది.

టీటీ వచ్చినవారికి దారులు మూసుకుపోవు. క్రోన్స్ అయితే వారానికోసారి ఇచ్చే మెథోట్రెక్సేట్ ఉంది, గర్భం దాల్చే ఆలోచన లేనివారికి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ ప్రయోగశాలలో నడిపిన బృందం నుంచి వచ్చిన మందు అది. అజాథయోప్రిన్, 6-మెర్‌కాప్టోప్యూరిన్ జాతి మందుల (థయోప్యూరిన్ల) దారికి అడ్డంగా పడే ఈ జన్యు మార్పుకు దాని మీద పట్టు లేదు. అల్సరేటివ్ కొలైటిస్‌లో మాత్రం మెథోట్రెక్సేట్ అంత గట్టిది కాదు.

జన్యు పరీక్ష ఉంది కదా అని సీబీపీ మానేయడం పెద్ద పొరపాటు. నెదర్లాండ్స్‌లో 783 మంది రోగుల్ని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు టీపీఎంటీ చూసి మోతాదు ఇచ్చారు, రెండో గుంపుకు చూడకుండా ఇచ్చారు. 2015లో ఫలితం వచ్చింది. మొత్తం మీద తెల్లకణాలు పడిపోయినవారు రెండు గుంపుల్లోనూ ఏడెనిమిది శాతమే, తేడా లేదు. కానీ జన్యు మార్పు ఉన్నవారిని మాత్రమే విడిగా చూస్తే, ముందే మోతాదు తగ్గించిన వారిలో 2.6 శాతానికి, తగ్గించని వారిలో 22.9 శాతానికి తెల్లకణాలు పడ్డాయి. పరీక్ష కాపాడాల్సినవారిని బాగానే కాపాడింది. మిగతా కేసులకు కారణం జన్యువు కాదు గనుక వాటిని ఆపలేకపోయింది. వైరల్ జ్వరాలు, వేరే మందుల కలయిక, నెలల తర్వాత మెల్లగా తగ్గే కణాలు, వీటిని పట్టేది రక్తపరీక్షే. మొదటి నెల వారం వారం, తర్వాతి రెండు నెలలు పదిహేను రోజులకోసారి, ఆపై నిలకడను బట్టి నెలకో మూడు నెలలకో సీబీపీ, దానితోపాటు లివర్ పరీక్ష. ఒంట్లో బాగుందని మానేసేది సరిగ్గా ఈ పరీక్షలనే.

మరో చిక్కు, ల్యాబులు వెతికేది ఎక్కువగా సీ415టీ ఒక్కదాన్నే. ఎన్‌యూడీటీ15లో ఇంకా మార్పులున్నాయి. పక్కనే ఉన్న 416వ అక్షరం మారితే అదే 139వ స్థానంలో హిస్టిడిన్ వస్తుంది. అది ఈ పరీక్షకు దొరకదు. టీపీఎంటీ విషయంలోనూ పరీక్ష రకం తెలుసుకోవాలి. జన్యువును చూసే పరీక్ష అయితే సరే. ఎర్రకణాల్లో ఎంజైమ్ పనితీరు కొలిచేదైతే, నెత్తురు పోయి ఈమధ్యే రక్తం ఎక్కించుకున్న రోగికి దాత ఎంజైమే లెక్కలోకి వస్తుంది. పేగుల వాపు రోగుల్లో రక్తం ఎక్కించడం అరుదేమీ కాదు.

మొదటి అలుగు జాంథిన్ ఆక్సిడేజ్‌ను జన్యువులు పెద్దగా ఇబ్బంది పెట్టవు. దాన్ని మూసేసేది మెడికల్ షాపు. యూరిక్ యాసిడ్ పెరిగిందని వాడే అల్లోప్యూరినాల్ చేసే పనే ఈ ఎంజైమ్‌ను ఆపడం. విశేషం ఏమిటంటే దాన్ని కూడా ఎలియాన్, హిచింగ్స్‌లే తెచ్చారు, మొదట 6-మెర్‌కాప్టోప్యూరిన్ ఒంట్లో త్వరగా విరిగిపోకుండా చూడటానికి. గౌట్ మందుగా అది స్థిరపడింది ఆ తర్వాతే. అజాథయోప్రిన్ పూర్తి మోతాదు వేసుకుంటున్న మనిషి బొటనవేలు వాచిందని వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లి అల్లోప్యూరినాల్ గానీ ఫెబుక్సోస్టాట్ గానీ తెచ్చుకుంటే, సీసీ అయినా, టీపీఎంటీ నార్మల్ అయినా మూలుగ మునుగుతుంది. తెలిసిన డాక్టర్లు ఇదే చర్యను కావాలని వాడతారు. కొందరిలో రెండో అలుగు మరీ ఉద్ధృతంగా పారి, మందంతా లివర్‌కు చేటు చేసే మిథైల్ రూపంలోకి పోతుంది. అలాంటివారికి అల్లోప్యూరినాల్ 100 మిల్లీగ్రాములు జతచేసి, అజాథయోప్రిన్‌ను నాలుగో వంతుకో మూడో వంతుకో దించుతారు. దగ్గరుండి చేయించాల్సిన పని అది.

ఈ మందు వల్ల వచ్చే అన్ని ఇబ్బందులూ ఈ రెండు జన్యువుల ఖాతాలోకి రావు. మొదటి నెలలో కొందరికి వచ్చే పాంక్రియాస్ వాపు మోతాదుతో సంబంధం లేనిది. దానికి, ఏది సొంతం ఏది పరాయి అని రోగనిరోధక వ్యవస్థ గుర్తుపట్టడానికి వాడే హెచ్‌ఎల్‌ఏ జన్యువుల ప్రాంతంలోని ఒక మార్పుతో లంకె ఉందని 2014లో తేలింది: ఒక ప్రతి ఉంటే ముప్పు 9 శాతం, రెండూ ఉంటే 17. వాంతులు, ఒళ్లునొప్పులు లాంటివాటికి ఇంత స్పష్టమైన జన్యు కారణం దొరకలేదు.

జన్యువుల ప్రభావం ఇంజెక్షన్ల దాకా కూడా వెళ్తుంది. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ లాంటి బయోలాజిక్ మందులు ప్రోటీన్లు. కొందరి శరీరం వాటిని పరాయివిగా చూసి యాంటీబాడీలు తయారుచేస్తుంది. మొదటి రెండు మూడు డోసులకు చక్కగా తగ్గిన జబ్బు ఆ తర్వాత లొంగదు. బ్రిటన్‌లో 1,240 మంది క్రోన్స్ రోగుల మీద జరిగిన పాంట్స్ అధ్యయనం 2020లో దీనికి ఒక జన్యు కారణం చూపింది: హెచ్‌ఎల్‌ఏ-డీక్యూఏ1*05. యూరప్ మూలాలున్నవారిలో సుమారు 40 శాతం మందిలో అది ఉంది. ఉన్నవారిలో యాంటీబాడీలు పుట్టే వేగం దాదాపు రెట్టింపు. అది ఉండి, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక్కటే తీసుకున్నవారిలో ఏడాది తిరిగేసరికి పదిమందిలో తొమ్మిది మందికి యాంటీబాడీలు వచ్చాయి. తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ అంత గట్టిగా బలపరచలేదు. మందు స్థాయిల్ని ముందుగానే కొలుస్తూ మోతాదు సర్దేచోట తేడా తగ్గిపోయింది. కాబట్టి దీన్ని ఇప్పుడే తప్పనిసరి పరీక్షగా రాయడం తొందరపాటే.

యాంటీబాడీలు పుట్టకుండా అడ్డుకునే మార్గాల్లో ముఖ్యమైనది, ఇంజెక్షన్‌తోపాటు అజాథయోప్రిన్ ఇవ్వడం. 2010లో వచ్చిన సోనిక్ అధ్యయనంలో 26 వారాల తర్వాత స్టెరాయిడ్ లేకుండా నెమ్మదించినవారు రెండు మందులూ కలిపి తీసుకున్న గుంపులో 57 శాతం, ఇన్‌ఫ్లిక్సిమాబ్ ఒక్కటే తీసుకున్నవారిలో 44, అజాథయోప్రిన్ ఒక్కటే అయితే 30. కొత్త మందు వచ్చింది కదా, పాత మాత్ర గురించి ఇంత గొడవెందుకు అనుకోవడానికి లేదు. వేలకు వేలు పోసే ఇంజెక్షన్ ఎన్నాళ్లు పనిచేస్తుందనేది పక్కనున్న చవక మాత్రను రోగి తట్టుకోవడం మీద ఆధారపడింది.

మన దగ్గర దీనికి మరో బరువు కూడా ఉంది. ప్రపంచంలోని క్షయ కేసుల్లో దాదాపు నాలుగో వంతు ఇండియావే. వాపును రగిలించే టీఎన్‌ఎఫ్ అనే ప్రోటీన్‌ను అడ్డుకునే ఇన్‌ఫ్లిక్సిమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయను లేపుతాయి. పైగా పేగు క్షయకూ, క్రోన్స్‌కూ తేడా కనిపెట్టడం అనుభవజ్ఞులకే కష్టం. వీటన్నిటి మధ్య, డబ్బు కోణం ఉండనే ఉంది, అజాథయోప్రిన్ మన క్లినిక్కుల నుంచి ఇప్పట్లో పోయేది కాదు. పోయే మందైతే దాని జన్యువుల గురించి తలకాయ నొప్పి అక్కర్లేదు.

ఇదే మాత్రను గ్యాస్ట్రో డాక్టర్లే కాదు, కీళ్లవాతం, లూపస్, కిడ్నీ మార్పిడి చూసేవారూ రాస్తారు. వయ్యారిభామ కలుపు వల్ల ముఖం, మెడ, చేతులు నల్లగా మందంగా మారే అలర్జీకి చర్మవైద్యులు కూడా ఇస్తారు. పొలం పనికి వెళ్లే ఆ రోగి మూలుగకు కూడా అదే నీరటి కాపలా. పిల్లల బ్లడ్ కేన్సర్‌లో 6-మెర్‌కాప్టోప్యూరిన్‌ను నెలల తరబడి ఇస్తారు. ఇంట్లో ఒకరికి టీటీ వస్తే, తోబుట్టువులకు కూడా టీటీ అయ్యే అవకాశం కనీసం నాలుగింట ఒకటి. ఎప్పుడైనా ఎవరికైనా ఈ జాతి మందు రాసినప్పుడు ఆ కాగితం డాక్టర్ ముందు పెట్టాలి.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఇది ఇంకాస్త ముఖ్యం. టీపీఎంటీ పరీక్ష అలవాటుగా జరిగే ఆస్పత్రుల్లో ఎక్కువమంది రోగులు యూరప్ మూలాలవారు. ఎన్‌యూడీటీ15 గుర్తుకు రాకపోవచ్చు. అమెరికాలో మందు లేబుల్ మీదే ఇప్పుడు రెండు జన్యువుల పేర్లూ ఉన్నాయి. దక్షిణ ఆసియా మూలాలు అని చెప్పి ఎన్‌యూడీటీ15 కూడా చూస్తారా అని అడగడంలో మొహమాటం అక్కర్లేదు. జపాన్ 2019 నుంచే ఈ పరీక్షను జాతీయ బీమాలో చేర్చింది. మన దగ్గర చాలామంది జేబులోంచే పెట్టుకోవాలి.

పరగడుపున రావాల్సిన పని లేదు, ఒక గొట్టం రక్తం చాలు, జీవితంలో ఒక్కసారి చాలు. అయినా 'రిపోర్టు వచ్చేదాకా మందు ఆపితే జబ్బు ముదరదా' అని రోగులు అడుగుతారు, కొందరు డాక్టర్లూ ఆలోచిస్తారు. అజాథయోప్రిన్ ఒంటికి పట్టి పనిచేయడం మొదలయ్యేసరికి ఎటూ ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అంతవరకు జబ్బును ఆపేది పక్కన నడుస్తున్న స్టెరాయిడ్. పరీక్ష కోసం మాత్ర ఒక వారం ఆలస్యమైతే, ఆ వారం కూడా స్టెరాయిడ్ మీదే గడుస్తుంది.